మనోళ్లేనా?

మా మేనల్లుడికి అమెరికా వీసా వచ్చింది. చిలుకూరు బాలాజీ గుడి చుట్టూ 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకున్నాడు, వీసా చేతికి రాగానే 108 చేసి బాకీ తీర్చుకున్నాడు. యూనివర్సిటీని కన్సల్టెన్సీవాళ్లు ఎంచారు. కోర్సును పక్కింటి అబ్బాయి ఎంచాడు. లోను ఎంతివ్వాలో బ్యాంకు ఎంచింది. ఇక మిగిలింది తలదాచుకోడానికి గది. ఆ ఒక్క పని మాత్రం పరాయివాళ్లకు వదలకుండా కుటుంబమంతా నెత్తికెత్తుకుంది.

టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్‌లో ఒక సీనియర్ దగ్గర స్పాట్ ఖాళీ ఉందని తెలిసింది. స్పాట్ అంటే గది అనుకునేరు. పరుపు పరుచుకుని, పక్కన సూట్‌కేసు నిలబెట్టుకునేంత మేర. నెలకు 250 డాలర్లు, కరెంటు వేరే. ఫోను స్పీకర్లో పెట్టారు. అక్కయ్య, బావగారు, నేను చుట్టూ చేరాం. అక్కయ్య గొంతు సవరించుకుంది.

"మీ ఇంటిపేరేంటి బాబూ?"

చెప్పాడు.

"ఏ ఊరు?"

చెప్పాడు.

"మరి మీ అమ్మగారి పుట్టిల్లు?"

అదీ చెప్పాడు. ఆ పేర్లు ఇక్కడ కావాలనే రాయడం లేదు. రాస్తే మీరూ లెక్కలు కట్టడం మొదలుపెడతారు. అక్కయ్య ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి "మనోళ్లే" అంది. బావగారు కుర్చీలో వెనక్కి వాలారు. మూడు నిమిషాల్లో సంబంధం ఖాయమైపోయింది. అక్కడి అపార్ట్‌మెంట్ ఆఫీసులవాళ్లు క్రెడిట్ స్కోరు, ఆదాయం, పాత ఇంటి ఓనరు మాట అంటూ రోజుల తరబడి ఆరా తీస్తారట. పాపం, ఇంటిపేరు అడిగితే అన్నీ తేలిపోతాయని వాళ్లకెవరూ చెప్పినట్టు లేదు.

మేం అడగనివి కొన్నున్నాయి. లీజులో ఎవరెవరి పేర్లున్నాయి? ఎప్పటిదాకా ఉంది? డిపాజిట్ ఎవరి పేరున కట్టారు? కాలేజీకి ఎలా వెళ్లాలి? ఈ ఆఖరిది చిన్న విషయమేం కాదు. ఆర్లింగ్టన్ దాదాపు 4 లక్షల జనాభా ఉన్న ఊరు. అయినా రూటు ప్రకారం తిరిగే సిటీ బస్సులు లేవు, యాప్‌లో పిలిస్తే వచ్చే వ్యాన్లే దిక్కు. సీనియర్ తాతగారి అత్తవారి ఊరికి బస్సు ఎక్కడ మారాలో అక్కయ్యకు తెలుసు. మావాడు క్లాసుకు ఎలా వెళ్తాడో తెలీదు.

అక్కడ ఇంటరయ్యాక డిగ్రీలో చేరే పిల్లల పద్ధతి వేరు. చాలా యూనివర్సిటీల్లో మొదటి ఏడాది హాస్టల్లోనే ఉండాలి. గదిలో తోడు ఎవరో తేల్చడానికి ఒక ఫారం ఇస్తారు. రాత్రి ఎన్నింటికి పడుకుంటావు? గది శుభ్రంగా ఉంచుతావా? చదివేటప్పుడు పాటలు పెడతావా? స్నేహితులు తరచూ వస్తారా? ఇలా ఉంటాయి ప్రశ్నలు. మన ఎంఎస్ పిల్లల్లో చాలామందికి ఆ హాస్టల్ యోగం లేదు కాబట్టి ఈ పనికిమాలిన ప్రశ్నల బారిన పడకుండా తప్పించుకుంటున్నారు.

కొత్త దేశంలో తన భాష మాట్లాడేవాడు, పప్పులో తాలింపు వేస్తే ముక్కు మూసుకోనివాడు తోడుండాలనుకోవడం తప్పా? కానే కాదు. అర్ధరాత్రి జ్వరమొస్తే తెలుగులో మూలగడంలో ఒక హాయి ఉంది. 2023–24లో అమెరికాలో మన దేశపు విద్యార్థులు 3,31,602 మంది. ఆ ఏడే చైనాను దాటేశాం. అంతమందిలో తెలుగు మాట్లాడే తోడు దొరకడం కష్టమేం కాదు. అయితే "మనోళ్లు" అంటే తెలుగువాళ్లని అర్థం చేసుకునే అమాయకుడు మన ఊళ్లలో ఇంకా పుట్టలేదు.

రుజువు ఆ సాయంత్రమే దొరికింది. ఇంకో కుర్రాడు ఫోన్ చేశాడు. తెలుగువాడే. మావాడిలాగే శాకాహారి, అదే కోర్సు, అదే విమానం. క్యాంపస్‌కు పది నిమిషాల నడకలో చిన్న ఫ్లాట్ చూశాడట, ఇద్దరం కలిసి తీసుకుందామన్నాడు. "లీజులో ఇద్దరి పేర్లూ ఉండాలండీ, డిపాజిట్ చెరిసగం కట్టి రసీదు తీసుకుందాం" అన్నాడు. అక్కయ్య ఇంటిపేరు అడిగింది. విని, "చూద్దాం బాబూ, ఇంట్లో కనుక్కుని చెబుతాం" అంది. పెళ్లిచూపులయ్యాక ఆ మాటకు అర్థమేమిటో తెలిసినవాళ్లకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు. ఫోను పెట్టేశాక "మరీ లెక్కల మనిషిలా ఉన్నాడు" అని తేల్చేసింది.

మనవాళ్లు అమెరికా వెళ్లి అద్దెకు ఇల్లడిగే హక్కు ఊరికే రాలేదు. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపారు. వారం తిరిగేసరికి, 11వ తేదీన, ప్రెసిడెంట్ జాన్సన్ ఫెయిర్ హౌసింగ్ చట్టం మీద సంతకం చేశాడు. నీ రంగు ఇది, మతం ఇది, దేశం ఇది, అందుకని ఇల్లివ్వను అనే వీలు ఓనర్లకు అప్పటినుంచే లేకుండా పోయింది. మన పిల్లలు లీజింగ్ ఆఫీసు తలుపు తోసుకుని దర్జాగా లోపలికి నడిచేది ఆ చట్టం చలవే. మరి ఇంటి లోపల రూమ్మేట్‌ను ఎంచుకోవడం? అది ఎవరిష్టం వారిదేనని 2012లో పశ్చిమ రాష్ట్రాల ఫెడరల్ అప్పీలు కోర్టు చెప్పింది. అంటే చట్టం గడప దాకా వచ్చి ఆగింది. మనం సరిగ్గా ఆ గడప మీదే పీట వేసుకుని కూర్చున్నాం, వచ్చినవాడినల్లా ఇంటిపేరు అడుగుతూ. 2023లో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధిస్తే, ఇక్కడ కులమెక్కడుందండీ అని ఆశ్చర్యపోయిన పెద్దమనుషుల్లో మా బావగారూ ఒకరు. స్పీకర్ ఫోను ముందు కూర్చున్నదీ ఆయనే.

ఆగస్టులో మావాడు దిగాడు. రెండు పడకగదుల ఇంట్లో ఆరుగురు. టెక్సాస్ చట్టం పడకగదికి ముగ్గురు పెద్దవాళ్ల దాకా ఒప్పుకుంటుంది కాబట్టి ఆరుగురి లెక్క సరిపోయింది. సరిపోనిది లీజు. అందులో పేర్లు నాలుగే, హాల్లో పడుకునే ఇద్దరూ కాగితం మీద లేరు. ఇల్లు మారితే పది రోజుల్లో కొత్త అడ్రసు తెలియజేయాలని ఎఫ్-1 వీసా నిబంధన. తమదని చూపించే కాగితం లేని ఇంటి అడ్రసును ఆ ఇద్దరూ అమెరికా ప్రభుత్వానికి చెప్పుకుని నిద్రపోయేవాళ్లు. సీనియర్ మావాడి చేత మాత్రం లీజు మీద సంతకం పెట్టించాడు. "చదవాలా అన్నా?" అని మావాడు అడిగితే, "ఏంటి, మనోడివై ఉండి నమ్మకం లేదా?" అన్నాడట.

చదివి ఉంటే ఒక వాక్యం కనబడేది. అక్కడి లీజుల్లో మామూలుగా ఉండేదే. సంతకం చేసిన అందరూ ఉమ్మడిగానూ, విడివిడిగానూ మొత్తం అద్దెకు బాధ్యులు. అంటే ఒకడు ఎగ్గొడితే అతని వాటా మిగతావాళ్ల నెత్తిన పడుతుంది. ఆఫీసువాళ్లు ఎవరు దొరికితే వాళ్లను పట్టుకోవచ్చు, మొత్తం ఒక్కడినే కట్టమనవచ్చు కూడా. మన ఉమ్మడి కుటుంబ వ్యవస్థను అంత క్లుప్తంగా మన శాస్త్రాలు కూడా రాయలేదు.

జనవరిలో సీనియర్‌కు న్యూజెర్సీలో ఉద్యోగమొచ్చింది. వెళ్లేముందు అందరినీ కౌగిలించుకున్నాడు, అద్దె సంగతి ఎత్తలేదు. హాల్లో ఇద్దరూ ఒక వారాంతం పరుపులు చుట్టుకుని వెళ్లిపోయారు. కాగితం మీద లేనివాళ్లను ఎవరడుగుతారు? ఇంటి అద్దె 1,500. ఆరుగురు ముగ్గురయ్యేసరికి 250 కాస్తా 500 అయింది. లీజు జూలై దాకా ఉంది. సీనియర్‌కు ఫోన్ చేస్తే ఎత్తడు. గట్టిగా అడగమంటే బావగారు ఒప్పుకోలేదు. "ఎంతైనా మనోడు, నలుగురికీ తెలిస్తే బాగుండదు" అన్నారు. పరాయివాడైతే మోసం, మనోడైతే మొహమాటం.

రెండో నెల అద్దె పంపిన రోజు అక్కయ్య నెమ్మదిగా నా దగ్గరికొచ్చింది.

"ఒరేయ్, అప్పుడు ఫోన్ చేసిన ఆ లెక్కల అబ్బాయి మంచివాడిలానే ఉన్నాడు కదరా. మనవాడి దగ్గరికి వస్తాడేమో అడుగుదామా? అయినా ఈ రోజుల్లో అవన్నీ ఎవరు చూస్తున్నారు?"

మా వంశంలో సంఘసంస్కరణ అలా వచ్చింది. వీరేశలింగం పంతులుగారు జీవితమంతా పాటుపడిన పని, నెలకు 250 డాలర్లు అదనంగా పడేసరికి రెండు నెలల్లో జరిగిపోయింది.

మళ్లీ స్పీకర్ ఫోను, మళ్లీ చుట్టూ మేం. అక్కయ్య గొంతులో ఇంతకుముందు లేని తేనె. ఆ అబ్బాయి ఓపిగ్గా విన్నాడు. మా ఇంటిపేరు అడగలేదు, ఊరు అడగలేదు.

"నాకు ఒకటే తెలియాలి ఆంటీ. మీ అబ్బాయి గిన్నెలు తోముతాడా?"

ఏడు తరాల వంశవృక్షం గుక్క తిప్పుకోకుండా చెప్పగల మా అక్కయ్య, ఆ ప్రశ్నకు ఫోను బావగారి చేతికిచ్చి వంటింట్లోకి వెళ్లిపోయింది.