ఐ-సెవెనా? అయితే మంచిదే!

ఎంసెట్ పేరు మార్చి ఈఏపీసెట్ అన్నారు గానీ, కౌన్సెలింగ్ అయిన మర్నాడు పొన్నూరు ఇళ్లలో కూర్చునే కమిటీ పేరు మాత్రం ఎవరూ మార్చలేదు. దానికసలు పేరే లేదు. పిల్లాడికి కంప్యూటర్ సైన్సులో సీటొచ్చిందని తెలియగానే అది దానంతటదే ఏర్పడుతుంది. అధ్యక్షుడు మేనమామ. ఆయన పనిచేసే ఆఫీసులో టేబుల్ మీద కంప్యూటరుంటుంది, అంతకు మించిన అర్హత ఇంకేం కావాలి? వీడియో కాల్‌లో డాలస్ అల్లుడు. కిందటేడు బీటెక్ పాసై ఖాళీగా ఉన్న ఎదురింటి అబ్బాయి. ప్రత్యేక ఆహ్వానితుడు బజార్లో ల్యాప్‌టాప్‌ల కొట్టాయన. డబ్బు పెట్టే నాన్న గుమ్మం దగ్గర కుర్చీలో. సీటొచ్చిన పిల్లాడు అందరికీ కాఫీలు అందిస్తూ.

ఈ కమిటీ గంటన్నరసేపు మాట్లాడుతుంది. అన్ని ప్రశ్నలూ వేస్తుంది. "ఒరే అబ్బాయ్, దీంతో నువ్వేం చేస్తావురా?" అన్నది తప్ప. అది అడగడమంటే పిల్లాణ్ణి అనుమానించడమే. నాన్న ఒకసారి అడగబోయాడు. "నీకు తెలీదులే, ఊరుకో బావా" అన్నాడు మేనమామ. ఊరుకున్నాడు.

"ఐ-సెవెన్ తీసుకోండి బావా."

"ఐ-ఫైవ్ సరిపోద్దంటన్నాడు కదయ్యా కొట్టాయన?"

"ఐదు పెద్దదా, ఏడు పెద్దదా? నువ్వే చెప్పు."

లెక్క తేలిపోయింది. పిల్లాడికి మాథ్స్‌లో నూటికి తొంభై ఎందుకొచ్చాయో కూడా అర్థమైంది, వంశంలోనే ఉంది.

ఇక్కడ ఆ నాన్న సంగతి కాస్త చెప్పుకోవాలి. పొన్నూరు దగ్గర కాలవ కింద వరి, వరి కోశాక మినుము వేస్తాడు. అటు మెరకన ఇంకో రెండెకరాలు మిరప. బీపీటీ 5204 అంటే బాపట్లలో పుట్టిన సాంబ మసూరి అని, తేజ అంటే ఘాటని, 334 వేరు, బాడిగ వేరు అని నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. గుంటూరు యార్డుకి టిక్కీలు తోలినప్పుడు పక్కవాడి సరుకులోంచి నాలుగు కాయలు తీస్తాడు. తొడిమ పట్టుకుని ఊపి గింజల చప్పుడు వింటాడు, విరిచి రంగు చూస్తాడు, తాలు ఎంతుందో కంటితోనే తూకం వేస్తాడు, అది కొత్త సరుకో, ఏసీలో పెట్టి తీసిందో వాసన చూసి చెబుతాడు. నకిలీ విత్తనాలు ఒకసారి ముంచాయి కాబట్టి సంచి మీద లాట్ నంబరు చదవకుండా, బిల్లు లేకుండా గింజ ముట్టుకోడు. అలాంటి మనిషి డెబ్భై వేల వస్తువు దగ్గరికొచ్చేసరికి సంచి విప్పడు. పైనున్న స్టిక్కరు చూసి, "ఐ-సెవెనా? అయితే మంచిదే" అంటాడు.

ఆ సంచి విప్పితే ఏముందో చూద్దాం. ఐ7-1355యూ అని ఒకటుంది. అందులో పెద్ద కోర్లు 2. ఐ5-13500హెచ్ అని ఇంకోటుంది. అందులో పెద్ద కోర్లు 4. చివరున్న యూ అంటే 15 వాట్లతో పొదుపుగా కాపురం చేసేది, హెచ్ అంటే 45 వాట్లు తిని బరువు పని చేసేది. బరువు పని పెడితే ఈ ఏడు ఆ ఐదు వెనక నడుస్తుంది. చార్జరు లేకుండా ఇల్లంతా మోసుకు తిరిగేవాడికి బ్యాటరీ ముఖ్యం, వాడికి యూ మంచిది. వీడియోలు ఎడిట్ చేసేవాడికి హెచ్ కావాలి. అంటే అక్షరం చూడాలి, అక్షరం చూడాలంటే పనేంటో తెలియాలి. కమిటీ ఆ ప్రశ్నని ఆల్రెడీ నిషేధించింది.

ఏఎమ్‌డీ వాళ్లది ఇంకా ముచ్చటైన వ్యవహారం. రైజెన్ 5 7520యూ. మొదటి అంకె 7 అంటే 2023 మోడల్ అని గొప్పగా చెబుతుంది. మూడో అంకె 2 మాత్రం గొంతు తగ్గించి, లోపలున్నది జెన్ 2 అని, అంటే 2019 నాటి రకమని ఒప్పుకుంటుంది. పాత విత్తనం, కొత్త సంచి. వ్యవసాయ శాఖ వాళ్లొచ్చి పట్టుకోరు, ఎందుకంటే ఇందులో నకిలీ ఏమీ లేదు, మూడో అంకెలో అంతా రాసే ఉంది. మనం మొదటి అంకె చదివి మంచిదనేశాం, తప్పెవరిది?

తరుగు కూడా ఉంది. 512 జీబీ అని కొని ఇంటికొచ్చి తెరిస్తే విండోస్ 476 చూపిస్తుంది. యార్డులో క్వింటాలుకి కిలో తరుగు తీస్తే రోడ్డు మీద కూర్చునే జిల్లా మనది. ఇక్కడ ముప్ఫై ఆరు పోతే, "లోపల విండోస్ తినేసుంటదిలే" అని సర్దుకుంటాం. అది తిన్నది కాదు. అమ్మేవాడు వెయ్యితో లెక్కేశాడు, విండోస్ 1024తో లెక్కేసింది. సరుకు అంతే ఉంది, తూకపురాళ్లు రెండు రకాలు.

తెర గురించి కమిటీ అడిగేది ఒకటే: "ఎన్ని అంగుళాలు?" చవక మోడళ్లలో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, అంటే ఆ కొలతలోని రంగుల్లో సగానికి పైగా తెగ్గోసిన తెర. శాతాలు అర్థం కాకపోతే దిగులు లేదు. కొట్లో ఆ తెర మీద పండు మిరపకాయ ఫొటో ఒకటి పెట్టించండి. మన కళ్లంలో కాయ తాలు కాయలా కనిపిస్తే లేచి బయటికొచ్చెయ్యండి. ఇంత తేలికైన పరీక్ష పెట్టగల మనిషి గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చునే ఉన్నాడు. ఆయన్నెవరూ అడగలేదు.

ర్యామ్ ఎనిమిదా, పదహారా అన్న దగ్గర మాత్రం చర్చ వేడెక్కింది. ఎనిమిది బోర్డుకే అతికించేసి, తర్వాత పెంచుకోవడానికి ఖాళీ లేకుండా చేసే మోడళ్లున్నాయి. ఆ సంగతి ఎదురింటి అబ్బాయి చెప్పబోయాడు. వాడికింకా ఉద్యోగం రాలేదు కాబట్టి ఎవరూ వినలేదు.

ఇక ఆపరేటింగ్ సిస్టం. అది కూడా ఎంచుకోవాల్సిన వస్తువేనని కమిటీలో సగం మందికి ఆ రోజే తెలిసింది.

మేనమామ విండోస్ పక్షం. "సత్య నాదెళ్ల మనోడు" అన్నాడు. సత్య నాదెళ్ల హైదరాబాదులో పుట్టాడు, వాళ్ల నాన్న యుగంధర్ గారిది అనంతపురం జిల్లా బుక్కాపురం, 2014 ఫిబ్రవరి నుంచి సత్య మైక్రోసాఫ్ట్ అధిపతి. అంతా నిజమే. కానీ ఇంటిపేరు చూసి ఆపరేటింగ్ సిస్టం ఎంచుకునే జాతి భూమ్మీద ఇంకెక్కడైనా ఉంటుందా అన్నది అనుమానం.

డాలస్ అల్లుడు మ్యాక్‌బుక్ పక్షం. "బ్లాక్ ఫ్రైడేకి ఇక్కడ చీప్‌గా వస్తది మావయ్య గారూ, నేనొచ్చేటప్పుడు తెస్తా, ఒక ల్యాప్‌టాప్‌కి కస్టమ్స్ ఉండదు" అన్నాడు. కస్టమ్స్ మాట నిజం. బ్లాక్ ఫ్రైడే నవంబరు ఆఖర్లో, కాలేజీ ఆగస్టులో అన్నది కూడా నిజం. కానీ అల్లుడి మాట కాదనే ఇల్లు గుంటూరు జిల్లాలో ఇంకా కట్టలేదు. కాబట్టి "చూద్దాం నాన్నా" అన్నారు. చూద్దాం అంటే వద్దని అల్లుడికి డాలస్ వెళ్లాక కూడా గుర్తుంది.

ఎదురింటి అబ్బాయి లినక్స్ పక్షం. "ఉబుంటు వేసుకోండి బాబాయ్, ఉచితం" అన్నాడు.

"ఊరికే ఇస్తన్నారంటే అందులో ఏదో ఉంది" అన్నాడు మేనమామ.

ఊరికే వచ్చిందాన్ని వద్దనడం మన ప్రాంతంలో ఇదే మొదలు. ఫిన్లండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే కాలేజీ కుర్రాడు 1991లో మొదలుపెట్టిన లినక్స్ అంటే మేనమామకి భయం. ఆ భయాన్ని ఫ్యామిలీ గ్రూపులో పెట్టడానికి ఆయన జేబులోంచి తీసింది ఆండ్రాయిడ్ ఫోను. దాని పునాదిలో ఉన్నది ఆ లినక్సే. పదేళ్లుగా జేబులో పెట్టుకుని తిరుగుతున్నవాడితో పరిచయం లేదంటాడు!

లినక్స్ వాళ్లూ తక్కువ తినలేదు. ప్రింటర్ కదలట్లేదయ్యా అంటే "అది ప్రింటర్ కంపెనీ తప్పు" అంటారు. కాలేజీ పరీక్షల సాఫ్ట్‌వేర్ తెరుచుకోవట్లేదంటే "అది కాలేజీ తప్పు" అంటారు. తప్పెవరిదో తేల్చడంలో వాళ్లకి సాటి లేరు. ప్రింటు మాత్రం పక్కింటి విండోస్‌లోంచే తీసుకుంటారు.

నిజానికి మనూళ్లో ఆపరేటింగ్ సిస్టాన్ని ఎంచుకునేది కమిటీ కాదు, నాదెళ్ల కాదు, టోర్వాల్డ్స్ కాదు. డీటీపీ సెంటరు. తెలుగుకి యూనికోడ్‌లో 1991లోనే చోటిచ్చారు. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చింది. ఆ తర్వాత సూరన్న, పెద్దన, తిమ్మన అంటూ బోలెడు ఫాంట్లు ఉచితంగా వచ్చాయి, అష్టదిగ్గజాలు కంప్యూటర్లోకి నడిచొచ్చారు. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ వాళ్లు లినక్స్‌నే తెలుగులో తెచ్చారు. ఇన్నొచ్చినా మన పెళ్లి శుభలేఖ ఈ రోజుకీ యూనికోడ్ కాని అను ఫాంటులో, 2001 నాటి 7.0 దగ్గర ఆగిపోయిన పేజ్‌మేకర్‌లో తయారవుతుంది. మీరు ఫోన్లో చక్కగా తెలుగు టైపు చేసి పంపిస్తే డీటీపీ ఆపరేటరు దాన్ని పక్కన పెట్టుకుని మళ్లీ మొదటినుంచీ కొడతాడు. వధువు పేరులో ఒక వత్తు ఎగిరిపోయేది అక్కడే. అను విండోస్‌లోనే నడుస్తుంది. ఎరువుల కొట్టు, బియ్యం మిల్లు, చిట్‌ఫండు లెక్కలన్నీ మోసే ట్యాలీ కూడా విండోస్ కోసం చేసిందే. కాబట్టి బజారంతా విండోస్, బజారు విండోస్ కాబట్టి బాగుచేసేవాడికి వచ్చింది విండోస్, బాగుచేసేవాడికి వచ్చింది కాబట్టి ఇంట్లో విండోస్. దీన్ని స్వేచ్ఛగా ఎంచుకున్నాం అంటాం.

పోనీ ఆ విండోసన్నా కొంటామా? ఇక్కడ కొట్టాయన ముందుకొచ్చాడు. "డాస్ మోడల్ తీసుకోండి సార్, కొన్ని వేలు తగ్గుద్ది. విండోస్ నేనేసిస్తా."

"ఒరిజినలేనా?"

"ఒరిజినల్ లాగానే పనిచేసిద్ది సార్."

ఆ 'లాగానే' ఖరీదు ఆర్నెల్ల తర్వాత తెలుస్తుంది. తెర కింద కుడి మూల "యాక్టివేట్ విండోస్" అన్న బూడిదరంగు అక్షరాలు తేలతాయి. అవి మనూరి ఆఫీసుల్లో ఎంత పాతుకుపోయాయంటే, అవి లేని తెర చూస్తే ఏదో చెడిపోయిందేమోనని భయమేస్తుంది.

ఇదంతా జరుగుతుండగా ఆ ఇంట్లోనే అటక మీద పెద్దమ్మాయి చదువుకున్న ల్యాప్‌టాప్ ఉంది. దానికి విండోస్ 10 భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగాయి, పేరు నమోదు చేయించుకున్నవాళ్లకి ఇంకో ఏడాది పొడిగింపు. విండోస్ 11 వేద్దామంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం, టీపీఎమ్ 2.0 ఉంటేగానీ రానివ్వదు. అందులో లినక్స్ వేసి, ఒక ఎస్‌ఎస్‌డీ, కాస్త ర్యామ్ పెడితే ఫస్టియరంతా నడుస్తుందని ఎదురింటి అబ్బాయి అన్నాడు. సీటొచ్చిన పిల్లాడి అమ్మ లోపల్నుంచి ఒక్క మాటతో కొట్టేసింది: "హాస్టల్లో పిల్లలందరూ కొత్తవి తెచ్చుకుంటే మావాడు అక్కది పట్టుకెళ్తాడా?" ఆ రోజు కమిటీలో నిజం మాట్లాడింది ఆవిడొక్కతే. ల్యాప్‌టాప్ అసలు పనేంటో ఆవిడకే తెలుసు.

ఎందుకంటే హాస్టల్లో పరువు తప్ప ఫస్టియర్లో దానికున్న పని సి ప్రోగ్రామింగ్. కొన్ని కాలేజీల్లో ఈనాటికీ అది బోర్లాండ్ వాళ్లు 1990లో తెచ్చిన టర్బో సి ప్లస్ ప్లస్ నీలి తెర మీదే నేర్పుతారు. అరవై నాలుగు బిట్ల విండోస్ ఆ పాతదాన్ని నడపలేదు. కాబట్టి ఏఐ కోసం 40 టాప్స్ ఎన్‌పీయూ, కోపైలట్ మీట ఉన్న సరికొత్త ల్యాప్‌టాప్ కొని, అందులో డాస్‌బాక్స్ వేసి, అది డాస్ కాలం నాటి కంప్యూటర్ అని నమ్మించి, అందులో "హలో వరల్డ్" అనిపిస్తారు. కొట్టాయన డాస్ మోడల్ చాలన్నాడు కదా, ఆయనకి సిలబస్ ముందే తెలుసేమో.

ప్రభుత్వాల కమిటీలు దీనికంటే మెరుగని అనుకోకండి. 2021 జనవరిలో నెల్లూరులో, అమ్మఒడి పథకం డబ్బుకి బదులు తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల వాళ్లు ల్యాప్‌టాప్ అడగొచ్చని ప్రకటించారు. 2022 డిసెంబరుకల్లా అది ఎనిమిదో తరగతికి బైజూస్ పాఠాలున్న ట్యాబ్ అయింది. 2024లో బైజూస్ కంపెనీయే దివాలా కోర్టు మెట్లెక్కింది. తమిళనాడు మాత్రం 2011లో ఉచిత ల్యాప్‌టాప్‌లు మొదలుపెట్టి విండోస్‌తో పాటు బాస్ లినక్స్ కూడా వేసిచ్చింది. ఏది కావాలో పిల్లాడే నొక్కుకోవచ్చు. పిల్లాణ్ణి అడగడం అనే పద్ధతి పక్క రాష్ట్రంలో ఉందన్నమాట.

చివరికి ఐ-సెవెన్ ఖాయమైంది. కొట్టాయన బ్యాగు, మౌసు, పెన్‌డ్రైవ్ ఉచితమన్నాడు. యాంటీవైరస్ లైఫ్‌టైమ్ అన్నాడు, ఎవరి లైఫో చెప్పలేదు. ఏమొచ్చినా నాది పూచీ అన్నాడు. "మాటుందిగా, ఇంకేం కావాలి" అన్నాడు మేనమామ.

ఆ మాట అనాల్సిన ఊరు ఇది కాదు. కాశీలో ఒక మేనమామ పిల్లనిస్తానని మేనల్లుడికి మాటిచ్చి, ఇంటికొచ్చాక కాదంటే, ఆ మాటకి సాక్ష్యం చెప్పడానికి భావనారాయణ స్వామి ఇంతదూరం తరలివచ్చి సాక్షి భావనారాయణుడై పొన్నూరులో నిలిచాడని స్థలపురాణం. మేనమామల నోటిమాట మీద నమ్మకం ఉండకూడదని గుడి కట్టి మరీ చెప్పిన ఊరండీ ఇది. కాబట్టి బిల్లు మీద మోడల్ నంబరు చివరి అక్షరంతో సహా రాయించుకోండి. ర్యామ్ ఎంత, విండోసా డాసా, వారంటీ ఎన్నేళ్లు, ఇంటికొచ్చి చేస్తారా మనమే మోసుకెళ్లాలా, అన్నీ కాగితం మీద ఉండాలి. స్వామివారు ఒకసారి వచ్చారు, అదీ పెళ్లి సంబంధం కాబట్టి. పెన్‌డ్రైవ్ తగాదాకి రారు.