పాత బెంజి కొంటారా? అందరూ వద్దన్నదే చేయండి

తక్కువ తిరిగిన బండి కొనకండి. 2014 నాటి బెంజి ఈ-క్లాస్ మీటరు 38 వేలు చూపిస్తుంటే అటునుంచి అటే వచ్చేయండి. ఇంట్లోవాళ్లు, బ్రోకరు మంచి బేరం పోగొట్టుకున్నారంటారు. అననివ్వండి. లక్షా నలభై వేలు తిరిగి, ప్రతి సర్వీసుకూ బిల్లు ఉన్న బండే మీక్కావాలి. షెడ్డులో ఏళ్ల తరబడి కదలని బండికి బుష్‌లు, హోస్‌లు, సీళ్లు ఎండి పగుళ్లిస్తాయి. రోజూ తిరిగే బండికైతే అరిగినవి అరిగినట్టు ఎవరో ఒకరు మార్పిస్తూనే ఉంటారు. పైగా ఆ 38 వేలు నిజమేనా? వంగి టైరు మీది నాలుగంకెలు చదవండి. 2317 అంటే 2017లో 23వ వారంలో తయారైన టైరు. మూడేళ్లకే మొదటి సెట్టు అరగ్గొట్టిన మనిషి ఇన్నేళ్లలో 38 వేలే తిరిగాడంటే నమ్మబుద్ధవుతుందా? బ్రేకు పెడల్ రబ్బరు, స్టీరింగు తోలు నున్నబడ్డాయేమో కూడా చూడండి.

బండి వెతికే ముందు మెకానిక్కును వెతకండి. బెంజి బదులు బీఎండబ్ల్యూ చూస్తున్నారనుకోండి, ఎన్47 డీజిల్ ఇంజనులో టైమింగ్ చైను వెనకవైపు, గేరుబాక్సు దగ్గరుంటుంది. అది అరిగి గలగలమంటే పని చాలా పెద్దది. ఆ చప్పుడు మీకు తెలియక్కర్లేదు, ఆయనకు తెలిస్తే చాలు. మీ ఊళ్లో అలాంటి మనిషి లేడా, ఈ కోరిక అంతటితో వదిలేయండి.

కంటికి కనబడే రోగమున్న బండినే ఏరుకోండి. ఎయిర్ సస్పెన్షన్ లీకై, రాత్రి నిలబెట్టిన బండి తెల్లారేసరికి ఒక మూలకు కుంగిపోతుంది. చూడగానే అందరూ వెనక్కి తిరుగుతారు. మీరు మాత్రం దాని రిపేరు ఖర్చెంతో ముందే కనుక్కుని, అంతకు రెట్టింపు తగ్గించమని అడగండి. తళతళలాడే బండిని చూస్తేనే నాకు భయం. 2015 డిసెంబరులో చెన్నైలో, 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో వరదలకు ఎన్నో కార్లు మునిగాయి. అలాంటి బండిని ఎంత కడిగినా సీటుబెల్టును చివరిదాకా లాగితే లోపలి భాగంలో బురద చార దొరకొచ్చు. బెంజి, బీఎండబ్ల్యూల్లో కొన్ని కంట్రోల్ యూనిట్లు సీటు కింద, కార్పెట్ కింద ఉంటాయి. తడిసిన కనెక్టరు నెలల తర్వాత పచ్చగా చిలుము పడుతుంది. లోపలికి నీళ్లు దిగిన ఈ ఒక్క రోగానికీ బేరం లేదు. అందుకే ముసురు పట్టిన రోజే బండి చూడ్డానికి వెళ్లండి. సన్‌రూఫ్ నీటిగొట్టాలు పూడుకుపోయి నీళ్లు లోపలికి కారుతుంటే ఆ రోజే బయటపడుతుంది.

పదేళ్లు దాటిన డీజిల్ బళ్లు ఢిల్లీలో తిరగొద్దని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. అప్పటినుంచి అక్కడివి చవగ్గా ఇటు వస్తున్నాయి. చవకని మురిసిపోకండి. ఎన్ఓసీ తెచ్చి ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. మీరిచ్చిన ధర మీద కాదు, కొత్తప్పటి ధర మీద లెక్కగట్టి, బండి వయసును బట్టి తగ్గిస్తారు.

మైలేజీ అడగకండి, రీసేల్ తలవకండి. ఆ రెండూ లెక్కేసుకునేవాళ్లకు కొత్త హ్యాచ్‌బ్యాకే మేలు. బండి ధర పదోవంతుకు పడిపోయినా విడిభాగాల ధర పడిపోలేదు. అందుకే ఐదు లక్షల బండి కొంటే మరో రెండున్నర లక్షలు పక్కన పెట్టుకోండి. లోను తీసుకోకండి. రిపేరూ వాయిదా ఒకే నెలలో వచ్చిపడితే బండి మీద ప్రేమ పోతుంది. ఆ ప్రేమ కోసమే నేనిదంతా చెప్పేది. హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మీద వంద దగ్గర వెళుతుంటే, పక్కసీటులో అమ్మ నిద్రపోగలిగేంత నిశ్శబ్దం ఐదు లక్షలకు మరెక్కడా దొరకదు.

ఆర్సీలో ఫైనాన్స్ కంపెనీ పేరుంటే, వాళ్ల ఎన్ఓసీ, అప్పు తీరినట్టు సంతకం చేసిన ఫారం 35 చేతికొచ్చేదాకా రూపాయి కూడా అడ్వాన్సు ఇవ్వకండి.