‘వాయిదా’ శబ్దార్థ విచారణ

మూలం: ఉత్సవ సభ కొలువుదీరెను, గీతము పాడెను, నిరవధికముగా వాయిదా పడెను.

టీక: ఉత్సవ సభ = దేశం పుట్టినరోజుకు చట్టసభ చేసే పేరంటం; కొలువుదీరుట = అధికార, ప్రతిపక్షాలు ఆ పూటకు ఇస్త్రీ నలగకుండా కూర్చొనుట; గీతము = అందరికీ నోటికి వచ్చినది, కనుక సవరణలు ఉండవు; నిరవధికము = గడువు లేనిది. చిక్కంతా చివరి మాటతోనే. ‘వాయిదా’ అరబ్బీలో పుట్టి ఉర్దూ మీదుగా మనకు చేరింది. పుట్టింట దాని అర్థం మాట ఇవ్వడం. సభలో దానికి లేచి వెళ్లిపోవడమనే అర్థం స్థిరపడింది. హైదరాబాద్ బేగంబజార్‌లో మాత్రం బాకీ కట్టాల్సిన రోజనే అర్థం ఇంకా బతికే ఉంది. ఇత్తడి బిందెలు, జీడిపప్పు డబ్బాలు అరువు మీద ఎత్తుకెళ్లే చిన్న ఊరి దుకాణదారు వాయిదా చెప్పాడంటే తేదీ చెప్పాడన్నమాట. ‘నిరవధిక వాయిదా’ అని చూడమనండి, సేటు సరుకు మళ్లీ పైఅరలో పెట్టేస్తాడు. కాబట్టి మూలంలోని సమాసం వ్యాకరణానికి ఒప్పినా వ్యాపారానికి ఒప్పదు.

తాత్పర్యం: ఉత్సవ సభ పెట్టడం తప్పు కాదు, తేదీ లేని మాట ఇచ్చి లేవడం తప్పు. ఇందుకు సాక్ష్యం 1997. స్వాతంత్ర్య స్వర్ణోత్సవానికి పార్లమెంటు ఆగస్టు 26 నుంచి సెప్టెంబర్ 1 దాకా ప్రత్యేకంగా కూర్చుంది. ప్రశ్నోత్తరాల సమయానికి భంగం కలిగించబోమని, సభలో నినాదాలు చేయబోమని ఏకగ్రీవంగా తీర్మానించింది. అంతకన్నా మంచి మాట ఎవరిస్తారు? అయితే ఆ మాట ఎంతవరకు నిలిచిందో ఫలానా రోజున లెక్క చూసుకుందామని ఎవరూ రాసుకోలేదు. తర్వాత సభల్లో ఏం జరిగిందో టీవీ ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు, వ్యాఖ్య అక్కర్లేదు.

ఇక పూర్వపక్షాలు. అసలు సభే ఎందుకు, గీతం చాలదా అని ఒకటి. 2022లో తెలంగాణ ఈ పక్షమే తీసుకుంది: వజ్రోత్సవాలకు ఆగస్టు 21న తలపెట్టిన ప్రత్యేక శాసనసభను రద్దు చేసి, 16న ఉదయం పదకొండున్నరకు రాష్ట్రమంతా ఎక్కడివారక్కడ నిలబడి జనగణమన పాడింది. బేగంబజార్ పొరుగునే ఉన్న ఆబిడ్స్‌లో ముఖ్యమంత్రీ పాడారు. వీధి పాడగలదు, ఒప్పుకుంటాం. కానీ మంత్రిని నిలబెట్టి జవాబు చెప్పించడం వీధికి చేతకాదు. ఆ పని తెలిసిన సభ కూడా ఆ రోజు పాటతోనే సరిపెడితే వీధితో పోటీకి దిగినట్టే. ఇంకొకటి: 1947 ఆగస్టు 15న ఈ బజారు నిజాం ఏలుబడిలో ఉంది, 1948 సెప్టెంబర్‌లో గాని దేశంలో కలవలేదు, ఆ పండుగ మనకెందుకని. వెనక చేరిన భాగస్వామికి పాత ఖాతా చూసే హక్కు లేదంటే ఈ బజారులో నవ్వుతారు.

పూజ నాడు లెక్కలడగడం అమంగళం అన్నది మూడోది, బరువున్నదీ ఇదే. దీపావళికి ఇక్కడి మార్వాడీ దుకాణాల్లో ఎర్రగుడ్డ అట్టల కొత్త చిట్టాలు లక్ష్మీదేవి ముందు పెడతారు. తొలి పేజీ మీద కుంకుమతో స్వస్తిక్, అటూ ఇటూ ‘శుభ్’, ‘లాభ్’. ఆ పూట ఎవరినీ బాకీ అడగరు, నిజమే. కానీ పూజ చేసింది దేనికి? లెక్కల పుస్తకానికే. పేజీ తిప్పితే పాత నిల్వలు, రావలసినవి, ఇవ్వవలసినవి వచ్చి కూర్చుంటాయి. కుంకుమ పెట్టిన పేజీతోనే కట్టేసి అటక మీద పడేసిన చిట్టాను ఏ సేటూ కొనడు.

పాఠాంతరం: ‘నిరవధికముగా’ అన్నచోట ‘రేపు ఉదయము పది గంటలకు’ అని ఒక పాత ప్రతిలో కనిపిస్తుంది. అది 1947 ఆగస్టు 14 నాటిది. రాత్రి పదకొండుకు కూడిన రాజ్యాంగ సభ అర్ధరాత్రి ప్రతిజ్ఞ చేసి, మహిళల తరఫున హంసా మెహతా ఇచ్చిన జెండా అందుకొని, పాటలు విని, శుక్రవారం పది గంటలకు వాయిదా పడింది. ఆ సభకు రాజ్యాంగం రాసే పని ఇంకా మిగిలే ఉంది.