గాలి సస్పెన్షన్ ఎంచుకొను విధంబెట్టిదనిన

మీ క్రూజర్ బైకు ఎక్కువసేపు ఎక్కడుంటుందో ముందు తేల్చుకోండి. "రోడ్డు మీద" అనేవాళ్లతో మనకు పని లేదు. వాళ్లు తమ బరువుకు సరిపడే మంచి స్ప్రింగు షాకులు కొనుక్కుని, బిగించుకుని, ఇక ఆ సంగతే మర్చిపోయి తిరుగుతుంటారు. మర్చిపోయే వస్తువు మీద డాలర్లు పోయడం ఎంత దండగ! మీ బండి ఆఫీసు పార్కింగులోనో, ఆదివారం పూట డాలస్‌లో ఏ ఇడ్లీ హోటల్ ముందో, ఏడాదికోసారి ఆగస్టులో సౌత్ డకోటాలోని స్టర్జిస్ మెయిన్ స్ట్రీట్‌లోనో నిలబడి ఉండే రకమైతే సరైన చోటికే వచ్చారు.

స్టర్జిస్ ర్యాలీ 1938లో బైకు రేసులతో మొదలైంది. ఇప్పుడు జనం అక్కడ నడిచే బళ్ల కన్నా నిలబడ్డ బళ్లనే ఎక్కువ చూస్తారు. గతుకుల్లో మీ బండి ఎలా పోతుందని ఎవరూ అడగరు. హ్యాండిల్ మీద స్విచ్చు నొక్కగానే అది ఎంత ఠీవిగా నేలకు కూర్చుందన్నదే ప్రశ్న. మీ మొదటి కొలమానం అదే. ఒట్టి కంప్రెసర్ ఉన్న కిట్టయితే దిగడం చప్పున, లేవడం తాపీగా. గాలి నిలవ ఉంచే చిన్న ట్యాంకు కూడా ఉంటే లేవడమూ చిటికెలో పని. ట్యాంకున్నదే తీసుకోండి. లేవడం ఆలస్యమైతే చూసేవాళ్లు పక్క బండి దగ్గరికి వెళ్లిపోతారు.

దుకాణంలో ఎవరైనా 'సాగ్' అన్న మాట ఎత్తితే వెంటనే మాట మార్చండి. తప్పించుకోవాలంటే అదేమిటో తెలియాలి కనక చెబుతున్నాను. వెనక చక్రం మీద బరువు పడకుండా బండిని ఎత్తి, ఇరుసు నుంచి పైన ఫెండర్ మీద ఒక గుర్తు దాకా కొలుస్తారు. తర్వాత మీరు జాకెట్టూ హెల్మెట్టూ వేసుకుని కూర్చున్నాక మళ్లీ కొలుస్తారు. ఆ రెండిటి తేడాయే సాగ్. అది మొత్తం ట్రావెల్‌లో, అంటే చక్రం పైకీ కిందికీ కదలగలిగే దూరంలో, పావువంతుకూ మూడోవంతుకూ మధ్య ఉంటే గాలి సరిపడా ఉన్నట్టు. ఒక టేపూ, దాన్ని పట్టుకోవడానికి ఒక స్నేహితుడూ చాలు. ఇంత చవకలో తేలిపోయే పని మీలాంటివారికి తగదు.

పైగా ఆ లెక్కలోకి దిగితే మనసు పాడవుతుంది. హార్లీ స్ట్రీట్ గ్లైడ్‌కు 2023 దాకా వెనక ట్రావెల్ రెండంగుళాల పైచిలుకే. 2024 మోడల్‌తో గానీ అది మూడంగుళాలు కాలేదు. ఆ రెండంగుళాల్లోంచి సోకు కోసం ఒకటి తీసేస్తే మిగిలేది ఒక్కటి. ఎదురైన గుంత అంతకన్నా లోతైతే మిగతాది ఎవరు సర్దుకోవాలి? మీ నడుమే. ఆగినప్పుడే దించాలి, కదిలేముందు లేపాలి అని తెలిసినవాళ్లు చెబుతారు. మీరు దించే నడపండి. ఎముకల డాక్టర్లకూ పిల్లాజెల్లా ఉంటారు.

ఇంకో చిక్కు ప్రశ్న ఉంది. అది కూడా అడగకండి. గాలి స్ప్రింగు పని మాత్రమే చేస్తుంది. నొక్కేకొద్దీ బిగుసుకుంటుంది. నిజానికి మంచి గుణమే. కానీ నొక్కుకున్న షాకు ఒక్కసారిగా తన్నుకు లేవకుండా ఆపేది గాలి కాదు, లోపల సన్నటి బెజ్జాల గుండా పోయే నూనె. మీరు గాలి పెంచుకుంటూ పోతే స్ప్రింగు బలం పెరుగుతుంది, నూనె మాత్రం తన పాత తీరు మార్చుకోదు. అప్పుడు బండి ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా రెండేసి సార్లు దణ్ణం పెడుతుంది. కాస్త ఖరీదైన కిట్లలో దీన్ని సర్దుకోవడానికి రీబౌండ్ నాబ్ వేరే ఇస్తారు. ఆ డబ్బు మిగిల్చి, నీలం లైటు వెలిగే స్విచ్చు తీసుకోండి.

కొనడానికి ఇంట్లో ఒప్పుకోవాలి కదా. "ఏమండీ, మళ్లీ ఎంత?" అన్న ప్రశ్న రాకముందే, ఇదంతా వెనక కూర్చునే నీకోసమేనని చెప్పండి. విచిత్రమేమిటంటే, ఈ వ్యవహారం మొత్తంలో నిజం అదొక్కటే. ఒక్కరే వెళ్లేటప్పుడు ఒక బరువు. భార్యా, రెండు డిక్కీల సామానూ, ఆవకాయ జాడీ తోడైతే ఇంకో బరువు. పనిముట్లు తీయకుండా, రోడ్డు పక్కన చేతులు నల్లగా చేసుకోకుండా, ఆ తేడాను వేలితో నొక్కి సర్దుకోవచ్చు. గాలి సస్పెన్షన్ పుట్టిందే అందుకు. హోండా గోల్డ్‌వింగ్‌కు 1980లోనే అది ఉంది, 1982 ఆస్పెన్‌కేడ్ మోడల్‌లో కంప్రెసర్‌ను బండిలోనే పెట్టారు. మీ స్నేహితులకు ఇవేవీ తెలియవు కనక సరికొత్త టెక్నాలజీ అని ధైర్యంగా చెప్పండి.

హార్లీ వాళ్ల పెద్ద టూరింగ్ బళ్లు కూడా ఏళ్ల తరబడి ఫ్యాక్టరీ నుంచే గాలి షాకులతో వచ్చాయి. 2017లో వాటి స్థానంలో చేత్తో తిప్పే నాబ్ వచ్చింది. పాత బండి దొరికితే కిట్టు ఖర్చే ఉండదు. వాటిలో పట్టే గాలి బహు కొంచెం కనక చిన్న చేతిపంపుతోనే కొట్టమంటారు. మీరు నేరుగా పెట్రోలు బంకు పైపు తగిలించండి. సీళ్లు ఎంతవరకు ఆగుతాయో అక్కడికక్కడే తెలిసిపోతుంది.

మీది సాఫ్టెయిల్ అయితే ఏ సంవత్సరపుదో చూసుకోకుండా ఆర్డరివ్వండి. 2017 దాకా వచ్చినవాటిలో షాకులు గేర్‌బాక్సు కింద దాగి ఉండి, నొక్కుకోవడానికి బదులు సాగుతూ పనిచేసేవి. 2018 నుంచి సీటు కింద ఒక్కటే షాకు. దీనిది దానికి పట్టదు. వాపసు పంపే పార్సెల్ ఖర్చు మీదే.

బిగింపు సొంతంగానే కానివ్వండి. గాలి గొట్టాన్ని బ్లేడుతో నిటారుగా కోయాలంటారు. కటింగ్ ప్లేయరుతో ఏటవాలుగా కత్తిరిస్తే జాయింటు దగ్గర సన్నగా కారుతూ తెల్లారేసరికి బండి తనంతట తానే కూర్చుంటుంది. స్విచ్చు కూడా అక్కర్లేదు. ఎక్కడ కారుతోందో సబ్బు నీళ్లు రాస్తే బుడగలు చెబుతాయి కనక ఇంట్లో సబ్బు దాచేయండి. కంప్రెసర్‌కు రిలే, ఫ్యూజు పెట్టడం పిరికివాళ్ల పని.

వెనక కిందికి దిగితే హెడ్‌లైటు చెట్ల మీద పడుతుంది. రాత్రి ఎదురొచ్చేవాళ్లు మిమ్మల్ని మర్చిపోరు. సైడ్ స్టాండు పొడవు మారదు కనక బండి వాలాల్సినంత వాలకుండా దాదాపు నిటారుగా నిలబడుతుంది. అవతలి పక్కకు పడితే పట్టుకునేందుకు ఎవరో ఒకరు ఉంటారులెండి. నార్త్ కరోలినా, టెనెసీ సరిహద్దులోని టెయిల్ ఆఫ్ ద డ్రాగన్ మీద 11 మైళ్లలో 318 మలుపులు. దించిన బండితో వెళితే ఫుట్‌బోర్డులు ప్రతి మలుపులోనూ నేలను గీస్తాయి. అక్కడ రోడ్డు పక్కన ఫొటోలు తీసి అమ్మేవాళ్లుంటారు, నిప్పురవ్వలు చక్కగా పడతాయి.

హైదరాబాదులో ఉన్న బావమరిది ఒక కిట్టు సూట్‌కేసులో పట్టుకు రమ్మంటాడు. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది, ఆ సంగతి అతనికి చెప్పకండి. స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెబుతుంది. కాలనీ వాళ్లు రాత్రికి రాత్రి పోసుకున్న దిబ్బలకు ఆ సంగతీ తెలియదు. పాపం, పైకి లేపే బటన్ నిజంగా అక్కరకొచ్చేది అతనికొక్కడికే.

చివరగా, విప్పిన ఒరిజినల్ షాకులు పారేయకండి. బోల్టులతో సహా పెట్టెలో పెట్టి, మీద మోడల్ సంవత్సరం మార్కర్‌తో రాసి అటక మీద పెట్టండి. బండి అమ్మకానికి పెట్టినప్పుడు, చూడ్డానికి వచ్చినవాడు స్విచ్చు నొక్కి, బండి దిగడం చూసి, లేవడం చూసి, "బాగుందండీ, పాత షాకులున్నాయా?" అని అడుగుతాడు.