రాకెట్ ఎగిరింది, కాయలే దిగలేదు

తెర మీద రాకెట్ బొమ్మ పైకి లేచింది. ఇన్‌స్టలేషన్ విజయవంతమైంది, అభినందనలు అని కింద రాసుంది. జాంగో అనే బ్యాకెండ్ ఫ్రేమ్‌వర్క్‌లో కాలుపెట్టిన ప్రతివాడికీ జరిగే సన్మానం ఇది. నాకు కావలసింది రాకెట్ కాదండీ. ఏ కొబ్బరితోటలో ఎప్పుడు దింపు తీయించాం, ఎన్ని కాయలు దిగాయి, అంబాజీపేట మార్కెట్లో వెయ్యి కాయలకి ఎంత పలికింది, దింపు కూలి పోను చేతికెంత మిగిలింది, ఈ నాలుగు ముక్కలూ రాసుకునే ఓ పేజీ. అది తప్ప అన్నీ వచ్చాయి.

పాఠాలు చెప్పే కుర్రాళ్ళకి 'జస్ట్' అన్నది ఊతపదం. జస్ట్ పైథాన్ వేసుకోండి, జస్ట్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పెట్టుకోండి, జస్ట్ పిప్‌తో జాంగో తెచ్చుకోండి. జస్ట్ పునాది తీసి, జస్ట్ గోడలు లేపి, జస్ట్ శ్లాబు పోసేయండి అన్నట్టుంటుంది. అన్నీ చేసి సర్వర్ నడిపితే, బ్రౌజర్లో అభినందనలు, పక్కనే టెర్మినల్లో ఎర్రక్షరాలతో చీవాట్లు: మీకు 18 మైగ్రేషన్లు బాకీ ఉన్నాయి, అవి తీరేదాకా మీ ప్రాజెక్టు సరిగ్గా నడవకపోవచ్చు.

హైదరాబాదులో ఉన్న మా మేనల్లుడికి ఫోన్ చేశాను.

"నేనింకా ఒక్క ముక్క రాయలేదురా. అప్పుడే 18 బాకీలెక్కడివి?"

"అవి నీవి కావు మావయ్యా, జాంగోవే. లాగిన్లు, సెషన్లు, ఎవరికి ఏ పర్మిషనో అవన్నీ. మైగ్రేట్ కొట్టెయ్."

ఆ పేజీ తెరిచేది నేనూ, మీ అత్తయ్యా. ఆవిడకి పర్మిషన్ ఇచ్చే మొనగాడు ఎవడ్రా అన్నాను. వాడు నవ్వి, మీటింగుందని పెట్టేశాడు.

ప్రాజెక్టుకి ఊరి పేరు పెట్టుకున్నాను. కొత్తపేట అని ఫోల్డర్ వచ్చింది. దాని లోపల ఇంకో ఫోల్డర్, దాని పేరూ కొత్తపేటే. జాంగో పద్ధతే అంత. సెట్టింగ్స్ ఫైలు లోపలి కొత్తపేటలో ఉంటుంది, కమాండ్లు బయటి కొత్తపేటలో నిలబడి కొట్టాలి. ఎవరైనా తికమక పడతారేమో గానీ కొత్తపేట వాడు పడడు. విజయవాడలో ఓ కొత్తపేట ఉంది. గుంటూరులో ఇంకోటి, డాక్టర్ల బోర్డులతో కిక్కిరిసి ఉంటుంది. హైదరాబాదు కొత్తపేటలో పళ్ళ మార్కెట్టు ఉండేది. నేను తెప్పించుకున్న ల్యాప్‌టాప్ చార్జరు వీటిలో ఒకదానికి వెళ్ళి, అక్కడ ఎవరూ లేరని తిరుగుటపాలో పోయింది. రెండోసారి 'రావులపాలెం దగ్గర' అని రాస్తే రావులపాలెంలోనే దింపేశారు, దగ్గరేగా వచ్చి తీసుకోండన్నారు. కస్టమర్ కేర్ అమ్మాయి ఏ జిల్లా అండీ అంది. 2022 ఏప్రిల్ దాకా తూర్పుగోదావరి, ఆ తర్వాత కోనసీమ, ఇప్పుడు డాక్టర్ బి.ఆర్.అంబేద్కర్ కోనసీమ అని చెప్పాను. ఏదో ఒకటి చెప్పండి సార్ అంది. మా చిన్నాన్నగారైతే పెళ్ళిసంబంధం వస్తే ముందు ఏ కొత్తపేటో కనుక్కుని ఆ తర్వాతే గోత్రం అడిగేవారు. ఆ చార్జరు చివరికి రాజమండ్రిలో కొన్నాను. ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, ఫోల్డర్ లోపల ఫోల్డర్ నాకు లెక్క కాదు.

లెక్క తప్పింది టైము దగ్గర. ఉదయం పదింటికి దింపు ఎంట్రీ వేస్తే తెల్లవారుజామున నాలుగున్నర చూపించింది. ఆ చీకట్లో చెట్టెక్కించాడని ఎవరైనా చూస్తే నా మీద కేసు పెడతారు. సెట్టింగ్స్‌లో టైమ్ జోన్ యూటీసీ అని ఉంటుంది, దాన్ని ఏషియా కోల్‌కతా చేయాలి. ఇక కాయల లెక్కకొస్తే, జాంగో అధికారిక పాఠం ఓటింగు యాప్ కట్టిస్తుంది. ఓట్లు లెక్కపెట్టడం తేలికే. కాయల్లో నీటికాయ కొత్తది వేరు, పాతది వేరు. కురిడీలో గండేరా వేరు, గటగటా వేరు, దేని ధర దానిదే. ఆ మోడల్ ఎలా రాయాలో ఏ పాఠంలోనూ లేదు.

జాంగో మీద నాకు కోపం లేదు. 2003లో అమెరికాలో కాన్సస్‌లోని లారెన్స్ అనే ఊళ్ళో, ఒక పత్రికాఫీసులో పుట్టింది. ఆడ్రియన్ హోలోవాటీ, సైమన్ విల్లిసన్ రాశారు. 2005లో అందరికీ ఇచ్చేశారు. గడువు తరుముకొచ్చే పర్ఫెక్షనిస్టుల కోసం అని దాని నినాదం. పేరేమో జాంగో రైన్‌హార్ట్ అనే గిటారిస్టుది. 1928లో అగ్నిప్రమాదంలో ఆయన ఎడమచేతి వేళ్ళు రెండు పనికిరాకుండా పోతే, మిగిలిన రెంటితోనే సోలోలు వాయించి ప్రపంచాన్ని ఊపాడు. నేనూ రెండు వేళ్ళతోనే టైపు చేస్తాను. మా ఇల్లు కూడా ఊగడం లేదు.

నా ఏడుపల్లా ఒకటే. తెలుగులో మొదటి భాగాలకి కరువు లేదు. జాంగో మొదటి భాగం, లారావెల్ మొదటి భాగం, స్ప్రింగ్ బూట్ మొదటి భాగం. అందరూ రాకెట్ దాకా తీసుకెళ్ళి, తర్వాతి వీడియోలో మోడల్స్ చూద్దాం ఫ్రెండ్స్ అంటారు. ఆ తర్వాతి వీడియో ఉండదు. రెండో భాగం చేయాల్సిన కుర్రాడికి ఈలోగా ఉద్యోగం వచ్చేసి ఉంటుంది. వాణ్ణి తిట్టబుద్ధి కాదు.

కరోనా టైములో మా వీధిలో రెండో భాగం తెలిసినవాళ్ళు ఉండేవారు. బెంగుళూరు నుంచీ హైదరాబాదు నుంచీ ఇళ్ళకొచ్చి, మడతమంచాల మీద ల్యాప్‌టాప్‌లు పెట్టుకుని పనిచేసేవారు. 2022 మే నెలాఖరున జిల్లా పేరు మార్పు మీద అమలాపురంలో గొడవలైన తర్వాత జిల్లాలో ఇంటర్నెట్ ఆపేస్తే, అవతలి ఒడ్డు సిగ్నల్ అందుతుందేమోనని గోదావరి గట్ల మీదకి పోయి కూర్చున్నారు. అప్పుడు నాకు జాంగో ఊసే లేదు. అడుగుదామనుకునేసరికి ఆఫీసులు రమ్మన్నాయి, అందరూ వెళ్ళారు. పండక్కి వస్తారు గానీ పండగపూట ఫారిన్ కీ అంటే ఏమిట్రా అని ఎవణ్ణి అడుగుతాం? వాళ్ళమ్మలకే వాళ్ళు పూర్తిగా దొరకరు.

నిన్న రాత్రి మేనల్లుడు మెసేజి పెట్టాడు. "ఇంత అవస్థ ఎందుకు మావయ్యా, జాంగో వదిలెయ్. ఫాస్ట్‌ఏపీఐ తేలిక. లింకు పంపాను, మొదటి భాగం చూడు."