‘వైట్స్ తగ్గించండి’ – టీకా తాత్పర్య సహితము

మూలము: ‘థర్టీ సెకండ్స్ కరెక్ట్‌గా ఉండాలండి. టెన్ ఎయిటీ ఐ ఫిఫ్టీ, అప్పర్ ఫీల్డ్ ఫస్ట్. ఆడియో మైనస్ ట్వంటీ త్రీ. వైట్స్ తగ్గించండి. లోగో సేఫ్‌లో పెట్టండి. మళ్లీ తేడా వస్తే రిజెక్టే. థాంక్స్.’

అవతారిక: గ్రంథకర్త నామధేయము తెలియరాదు, ఒకానొక తెలుగు ఛానలు సాంకేతిక విభాగమున రాత్రి డ్యూటీలో నున్నవాడని మాత్రము శైలినిబట్టి యూహింపనగును. హైదరాబాదులోని యొక ఎడిటింగు గదిలో దర్శకుడును, సంగీతము కూర్చినవాడును, ఏజెన్సీవారును, సబ్బు కంపెనీవారును ‘ఇక అయిపోయినది’ అని పరస్పరము అభినందించుకొని యిండ్లకు వెడలిన పిమ్మట, ఆ బట్టలసబ్బు ప్రకటనను ప్రసారయోగ్యముగ తీర్చుటకై యొంటరిగ మిగిలిన ఎడిటరు నుద్దేశించి ఈ వాక్యములు ఫోనులో నవతరించినవి. చిత్రము పూర్తియగుట వేఱు, ప్రసారమునకు సిద్ధమగుట వేఱు అను వివేకము లేనివారికి ఈ గ్రంథమునం దధికారము లేదు.

ప్రతిపదార్థము: థర్టీ సెకండ్స్ = ముప్పది సెకండ్ల కాలము; కరెక్ట్‌గా = ఒక్క ఫ్రేమైనను హెచ్చుతగ్గులు లేకుండ; ఉండాలండి = ఉండవలయును (ఇచట ‘అండి’ గౌరవార్థకము కాదు, బెదిరింపు); టెన్ ఎయిటీ = 1080 అడ్డగీతలు గలదై; ఐ = గీత విడిచి గీతగ రెండు వాయిదాలలో చూపబడునదై; ఫిఫ్టీ = సెకండునకు 50 అర్ధచిత్రములు గలదై; అప్పర్ ఫీల్డ్ ఫస్ట్ = పైగీతతో మొదలగు నర్ధచిత్రము ముందు నడచునది; రిజెక్టే = తిరస్కారమే (ఏవకారము నిశ్చయార్థకము). తక్కినవి సుగమములు.

తాత్పర్యము: ఓ ఎడిటరూ! నీ గదిలోని ఖరీదైన తెరమీద ఈ ప్రకటన యెంత యందముగ నున్నను మాకు పనిలేదు. ఊరి చివర, పాత సెట్‌టాప్ పెట్టెకు తగిలించిన పాత టీవీలో, వంటింటినుండి మెడ సాచి చూచు నాయమకు అది సరిగ కనబడి, సరిగ వినబడునట్లు నీ కళను తగ్గించి పంపుమని భావము.

విశేషములు: కాలనియమము మొదట చెప్పబడుటకు హేతువు ధనము. మన ఛానళ్లు కాలమును పది సెకండ్ల లెక్కన విక్రయించును. సెకండునకు 25 ఫ్రేముల వంతున ముప్పది సెకండ్లకు 750 ఫ్రేములు. 751వ ఫ్రేమును ప్లేఔట్ యంత్రము నిర్దాక్షిణ్యముగ ఖండించును, చివర నుండునది సాధారణముగ లోగోయే గావున ఖండనమునకు గురియగునదియు లోగోయే. సినిమా యలవాటు చొప్పున 24 ఫ్రేముల వేగమున తీసినవారు 720 ఫ్రేములు తెచ్చి యిత్తురు. వానిని మన వేగమున త్రిప్పినచో 28.8 సెకండ్లకే ముగియుటయే కాక, సరిదిద్దనిచో గాయని గొంతు శ్రుతి మించును. కొఱవడిన 1.2 సెకండ్లలో ఏమి నింపవలెనను విషయమై వ్యాఖ్యాతలకు ఏకాభిప్రాయము లేదు. లోగోనే మఱికొంతసేపు నిలుపుడని కంపెనీవారి మతము.

అర్ధచిత్రముల గొడవ పూర్వజన్మ కర్మము. గాజుగొట్టపు తెరలు ఏలిన దినములలో బొమ్మ మిణుకుమిణుకు మనకుండుటకై సరిగీతలను బేసిగీతలను వంతులవారిగ చూపు నుపాయము కనిపెట్టిరి. విద్యుత్ప్రవాహము సెకండునకు 50 ఆవృత్తులు గలిగియున్న దేశములలో ఈ వంతులును 50 అయినవి. గొట్టములు పోయినవి, వంతులు నిలిచినవి. వంతు తాఱుమాఱైనచో, ఆరవేసిన చీర గాలికి రెపరెపలాడుటకు బదులు కల్లు త్రాగినవాని నడకవలె ముందుకు వెనుకకు తూలును. ఈ దోషము ఎడిటరు కంప్యూటరు తెరమీద తఱచుగ కనబడదు. ఛానలువారికి మాత్రము తప్పక కనబడును.

‘ఆడియో మైనస్ ట్వంటీ త్రీ’: ఆలంకారికుల ధ్వని గాక చెవికి తగులు ధ్వని యిచట వివక్షితము. పూర్వము శబ్దముయొక్క శిఖరమును మాత్రమే కొలిచెడివారు. కావున ప్రకటనకర్తలు గుసగుసను కేకను ఒకే యెత్తునకు నొక్కిపెట్టి, శిఖరము దాటకయే యిల్లంతయు దద్దరిల్లజేసిరి. అంతట ఐరోపా ప్రసార సంఘమువారు 2010లో ఆర్ 128 అను విధానమును వెలువరించి, ఆద్యంతముల సగటు బిగ్గఱతనము మైనస్ 23 ఎల్.యు.ఎఫ్.ఎస్. ఉండవలెనని కట్టడి చేసిరి. అదే సంవత్సరమున అమెరికావారు ప్రకటనల యఱపులను మాన్పుటకు చట్టమే చేసిరి. మన 1994 నాటి కేబుల్ టెలివిజన్ నియమములలో ఏడవది ఇంకను విచిత్రము: ప్రకటనలో ధ్వనియే కాదు, బొమ్మయు మితిమీఱి ‘లౌడ్’గా నుండరాదట! బొమ్మ బిగ్గఱగ నుండుట యెట్లని శంకించువారు మన నగల దుకాణపు ప్రకటనను శబ్దము కట్టివేసి యొకమాఱు చూచిన శంక తీఱును.

ఇక గ్రంథమునకు ప్రాణభూతమైన వాక్యము ‘వైట్స్ తగ్గించండి’ యనునది. పూర్వపక్షము: అయ్యా, ఇది బట్టలసబ్బు ప్రకటన, తెలుపే దీని కథావస్తువు, దానిని తగ్గించినచో మిగులునదేమి? సమాధానము: ప్రసారలోకమున, ఎనిమిది బిట్ల లెక్కలో, నలుపు 16 వద్ద మొదలై తెలుపు 235 వద్ద ముగియును. కంప్యూటరు 255 దాక పోనిచ్చును గదా యని ఎడిటరు చొక్కాను అందాక తోలినచో, ఛానలువారి యంత్రము 235కు పైబడిన దానినెల్ల సమముగ కోసివేయును. అప్పుడు నేత పోవును, మడతలు పోవును, చొక్కాకు బదులు తెల్లకాగితము తొడిగికొన్న బాలుడు బడికి పోవుచున్నట్లు కనబడును. ఇందలి మర్మ మింకను లోతైనది. 235 అందఱికిని హద్దు. పోటీ కంపెనీవారి చొక్కాయు, దంతధావనపు ప్రకటనలో వైద్యుని కోటును, గిన్నెలో పోయబడు పాలును, అన్నియు ఆ హద్దుకడనే నిలువవలయును. తెలుపుకంటె తెలుపు శాస్త్రవిరుద్ధము. కావున ప్రవీణుడైన కలరిస్టు ఉతికిన చొక్కా జోలికి పోడు. ఉతుకని చొక్కాను, ప్రక్కింటి యామె చేతనున్న చొక్కాను మెల్లగ మసకబార్చును. సబ్బు మహిమ యంతయు ఆ మసక చొక్కాలలో నున్నది. ఉతికిన దానికి రవంత నీలిమ చేర్చుట కలదు. అది పసుపుదనమును విఱిచి తెలుపును హెచ్చుగ తోపించును. ఈ రహస్యమును, బకెట్టు నీళ్లలో నీలిమందు చుక్క కలిపిన మన తల్లులు ఏ కలర్ గ్రేడింగు పాఠశాలకును పోకయే యెఱిగియుండిరి.

‘సేఫ్‌లో’: వెడల్పు చిత్రమును పాత టీవీలకు కుదించునపుడు, నడుమ నున్న భాగము మాత్రము నిలిపి, 1920 చుక్కలలో ఇరుప్రక్కల 240 వంతున కోసివేయుదురు. మూలనున్న లోగో సగము పేరుతో మిగులును. తెలుగునకు మఱియొక యాపద కలదు: అడుగున సన్నని యక్షరములతో ‘షరతులు వర్తిస్తాయి’ అని వ్రాసినపుడు, ఒక గీత మందము మాత్రమే గల తలకట్లు మిణుకుచుండగా, క్రిందివత్తులు అంచులో కలిసిపోయి ‘షరతులు వరిసాయి’ అని మాత్రమే ప్రేక్షకుల కందును. షరతులు కనబడకున్న కంపెనీవారికి దుఃఖము లేదు గావున ఈ దోషమును ఛానలువారు తప్ప వేఱెవ్వరును పట్టరు.

పాఠాంతరములు: ఈ ప్రకటనకు ‘ఫైనల్’, ‘ఫైనల్ టూ’, ‘నిజం ఫైనల్’, ‘దీన్నే పంపు’ అను నాలుగు ప్రతులు లభించుచున్నవి. వీనిలో ‘నిజం ఫైనల్’ అర్వాచీనమనియు, సబ్బు ధర సరిగ నున్నది ‘ఫైనల్ టూ’లోనే యనియు పరిష్కర్తలు తేల్చిరి. ‘మళ్లీ’ యను పదముచేత పూర్వ మొక తిరస్కార మున్నదని స్పష్టము. నాడు పంపబడిన ప్రతి యేదో చెప్పుటకు ఎడిటరు సమ్మతింపలేదు.

తుదనున్న ‘థాంక్స్’ అను పదము ఈ కర్తయొక్క యితర సందేశములలో నెచటను కానరాదు. శైలికిని సందర్భమునకును పొసగదు. ప్రక్షిప్తమని మా నిశ్చయము.