నిలువు గీత పక్కన ఒక మాట

మా అమ్మాయి స్నేహితురాలి పెళ్లికి తళవాయిపురం వెళ్లింది. తమిళనాడులో రాజపాళయం పక్క ఊరే ఇది. నైటీలకు పేరు. చాలా ఇళ్లలో కుట్టుమిషన్లు ఆడుతూనే ఉంటాయి.

పెళ్లికూతురు నగలకోసం రాజపాళయం పోయింది. ఇంట్లో మిగిలిన అవ్వ నైటీల వ్యాపారం చూసుకుంటుంది. ఆవిడ తెలుగు విని మా అమ్మాయికి ప్రాణం లేచివచ్చింది. ఎన్ని తరాల కింద వెళ్లారో, మాట మాత్రం చెక్కుచెదరలేదు.

"కంప్యూటరు చదువంట కదా తల్లీ. ఏ నెలలో ఎన్ని కుట్టినామో ఒక్క చూపుకు తెలిసేట్టు బొమ్మ గీసియ్యి. గోడకు తగిలించుకుంటా" అందట అవ్వ. లెక్కల పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఆవిడ గడగడా చదువుతుంటే మా అమ్మాయి అంకెలు ఎక్కించింది.

పైథాన్‌తో బొమ్మలు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో పట్టీల బొమ్మ నిమిషాల్లో వచ్చింది. నిలువు గీత పక్కన "కుట్టినవి" అని రాస్తే మాత్రం అక్షరానికొక డబ్బా వచ్చింది. దాంట్లో మామూలుగా వచ్చే డెజావూ సాన్స్ ఫాంటులో తెలుగు లేదు.

"ఈ డబ్బాలేమి తల్లీ?"

"అక్షరాలు రాలేదవ్వా. సరిచేస్తాను."

నోటో సాన్స్ తెలుగు ఫాంటు పెట్టింది. డబ్బాలు పోయాయి, అక్షరాలు విరిగాయి. ట కింద చేరాల్సిన ఒత్తు చేరలేదు. పొల్లు ట్, దాని పక్కన టి. ఫాంటులో ఒత్తు ఉంటే సరిపోదు. ఏ అక్షరం ఏ అక్షరంతో కలిసి ఏ రూపం పొందాలో లెక్కగట్టే పని ఒకటుంది. అది చెయ్యని సాఫ్ట్‌వేరు తెలుగును పూసల్లా విడివిడిగా పేర్చి వదిలేస్తుంది. తెలుగులో బొమ్మ గీయబోయి ఇక్కడే విసిగి, ఇంగ్లీషులో రాసేసి ఊరుకున్న వాళ్లెందరో. మన పిల్లలు అలా వదిలెయ్యకూడదని నా పట్టుదల.

రాత్రి పదింటికి నాకు ఫోన్ చేసింది. గ్నూప్లాట్ వాడమన్నాను. 1986లో పుట్టిన పాత పనిముట్టే గానీ, దాని పీఎన్‌జీ కైరో పద్ధతిలో అక్షరాలను పాంగో అనే లైబ్రరీ అమర్చిపెడుతుంది, ఒత్తులు కుదురుగా కూర్చుంటాయి. మాట పూర్తిగా వచ్చాక కూడా మా అమ్మాయి ఆగలేదు. నిలువుగా తిరిగి ఉన్న పేరు చదవాలంటే పెద్దావిడ మెడ వంచాలి కదా అని దాన్ని అడ్డంగా తిప్పింది, సైజు పెంచింది, అంచున తెగిపోకుండా ఎడమ మార్జిన్ జరిపింది.

పొద్దున్నే కాగితం మీద అచ్చు తీయించి చేతికిచ్చింది. అవ్వ దాన్ని వాకిట్లో వెలుతురుకు తీసుకెళ్లి పట్టీల మీద వేలు పెట్టి ఒక్కో నెలా తడిమింది. ఏ నెల తగ్గిందో, ఎందుకు తగ్గిందో తనే చెప్పింది. ముఖం వెలిగిపోయిందట.

ఆ తర్వాత వేలు ఎడమవైపు జరిగి ఆగింది.

"పాపం, రాత్రంతా కూర్చున్నావు. ఈ డబ్బాలు మాత్రం ఇంకా పోలేదే తల్లీ!"

మా అమ్మాయికి అర్థం కాలేదు. అవ్వ లోపలికెళ్లి లెక్కల పుస్తకం తెచ్చి, నిన్న చదివిన పేజీనే తెరిచి, "ఇట్లా రాయి, చదువుకుంటా" అంది.

అందులో "కుట్టినవి" అనే ఉంది, తమిళ అక్షరాల్లో.